గీత ఎవరు గీస్తారు?

మూసారాంబాగ్ మెట్రో స్టేషన్‌లో దిగి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ దాకా నడిస్తే, దారిలో ఒకచోట హైదరాబాద్ జిల్లా అయిపోయి రంగారెడ్డి జిల్లా మొదలవుతుంది. ఆ గీత రోడ్డు మీద కనబడదు. బట్టల దుకాణాలు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్లు, టిఫిన్ బండ్లు తెగకుండా సాగిపోతాయి. స్కూలు ఆటల సెలక్షన్స్ వచ్చినప్పుడు మాత్రం గీత బయటపడుతుంది. సైదాబాద్ బడిలో చదివే పిల్లాడు హైదరాబాద్ జిల్లా జట్టు కోసం, వాడితో రోజూ సాయంత్రం ఖోఖో ఆడే సరూర్‌నగర్ పిల్లాడు రంగారెడ్డి జట్టు కోసం పోటీకి దిగుతారు. 1978లో హైదరాబాద్ జిల్లా నుంచి రంగారెడ్డిని విడదీసినవాళ్లు ఖోఖోను తలచుకుని ఉండరు. 2016 అక్టోబరులో తెలంగాణలోని పది జిల్లాలు 31 అయినప్పుడూ, తర్వాత 33 అయినప్పుడూ పాలన సౌలభ్యం గురించే మాట్లాడుకున్నాం. కానీ జిల్లా జట్టు అనే మాటకు అర్థం ఆ రోజుతోనే మారిపోయింది.

ఎవరు ఎవరితో ఆడాలి, ఆ ఏర్పాటు ఎన్నాళ్లు నిలవాలి, దాన్ని మార్చే హక్కు ఎవరిది? ఈ ప్రశ్న మీద ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ రభస జరుగుతున్నది అమెరికా కాలేజీ ఆటల్లో. దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీల మెట్లెక్కి అరిజోనా స్టేట్‌కో మరో యూనివర్సిటీకో వెళ్లిన మన పిల్లలు ఆ రభస మధ్యలోనే చదువుకుంటున్నారు. అక్కడ యూనివర్సిటీలు ప్రాంతాలవారీగా కాన్ఫరెన్సులు కట్టుకుని ఆడతాయి. పసిఫిక్ తీరంలోని కాన్ఫరెన్సుకు 1915 నుంచి చరిత్ర ఉంది. 2022 జూన్‌లో లాస్ ఏంజిలెస్‌లోని రెండు పెద్ద యూనివర్సిటీలు దాన్ని వదిలి, నడి అమెరికాలో పుట్టిన బిగ్ టెన్‌లోకి వెళ్తున్నామని ప్రకటించాయి. మరుసటి ఏడాది వేసవిలో ఓరెగాన్, వాషింగ్టన్ అదే బాట పట్టాయి. అరిజోనా స్టేట్‌తో సహా నాలుగు బిగ్ ట్వెల్వ్‌లో చేరాయి. స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా ఏకంగా అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న కాన్ఫరెన్సుకు వెళ్లాయి. పన్నెండింటిలో మిగిలినవి రెండే, ఓరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్.

కారణం టీవీ హక్కులు. 1984లో అమెరికా సుప్రీంకోర్టు కాలేజీ ఫుట్‌బాల్ ప్రసారాల మీద కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యాన్ని కొట్టేసింది. అప్పటినుంచి ఎవరి బేరం వాళ్లదే అయింది. బిగ్ టెన్ 2022లో చేసుకున్న ఒప్పందం ఏడేళ్లకు 700 కోట్ల డాలర్ల పైమాట. అంత డబ్బు ముందు నూరేళ్ల పొత్తు నిలబడలేదు. బాధ పడినది ఫుట్‌బాల్ జట్లకన్నా మిగతా ఆటలవాళ్లు. డబ్బు తెచ్చే ఆట కోసం గీత గీస్తే, వాలీబాల్ ఆడే అమ్మాయి మంగళవారం మ్యాచ్‌కు ఖండం ఈ చివరి నుంచి ఆ చివరికి విమానంలో పోయి, బుధవారం క్లాసులో కూర్చోవాలి.

మనకు కాన్ఫరెన్సులు లేవు కదా అనుకుంటాం. ఉన్నాయి. మన కాలేజీకి అఫిలియేషన్ ఇచ్చిన యూనివర్సిటీయే మన కాన్ఫరెన్సు. కాలేజీలన్నీ ఆ యూనివర్సిటీ ఇంటర్ కాలేజ్ టోర్నమెంటులో ఆడతాయి. అందులో కనబడ్డవాళ్లను సెలక్షన్స్‌కు పిలుస్తారు, క్యాంపు పెడతారు, యూనివర్సిటీ జట్టు కడతారు. ఆ జట్టు భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నడిపే సౌత్ జోన్ పోటీలకు పోతుంది. చాలా ఆటల్లో జోన్‌లో మొదటి నాలుగు స్థానాల్లో నిలిచినవి అఖిల భారత పోటీకి అర్హత పొందుతాయి. 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డుగా మొదలైన ఆ సంఘం పేరు మార్చుకున్నా, నాలుగు దిక్కుల జోన్ల ఏర్పాటు పెద్దగా చెదరలేదు. పై అంతస్తు గట్టిది. కదులుతున్నది కింది అంతస్తు.

ఎల్బీనగర్ చుట్టుపక్కలే చూడండి. నాదర్‌గుల్‌లోని ఎంవీఎస్ఆర్ ఇంజనీరింగ్ కాలేజీ ఉస్మానియాకు అనుబంధం. దానికి దగ్గర్లో మీర్‌పేటలోని టీకేఆర్ జేఎన్టీయూ హైదరాబాద్‌కు అనుబంధం. ఒకే బస్సులో వచ్చే ఇద్దరు స్నేహితులు, ఒకే సిలబస్‌కు అటూ ఇటూగా చదువుతూ, ఆటల్లో రెండు వేరే లోకాల్లో ఉంటారు. వాళ్లు ఎదురెదురు పడే అవకాశం సౌత్ జోన్‌లోనే, అదీ తమ తమ యూనివర్సిటీ జట్లకు ఎంపికైతేనే.

ఈ గీతలు ఎలా మారాయో వరుసగా చెప్పుకుంటే పరిస్థితి అర్థమవుతుంది. 1918లో పుట్టిన ఉస్మానియా కింద ఒకప్పుడు పాత నల్గొండ, మహబూబ్‌నగర్, నిజామాబాద్ కాలేజీలూ ఉండేవి. 2006లో నిజామాబాద్ వైపు తెలంగాణ యూనివర్సిటీ, 2007లో నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, 2008లో పాలమూరు యూనివర్సిటీ వచ్చాయి. 2008లోనే జేఎన్టీయూ కూడా ముక్కలై హైదరాబాద్, కాకినాడ, అనంతపురం వేరయ్యాయి. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుంటే హయత్‌నగర్ దాటాక వచ్చే చౌటుప్పల్ డిగ్రీ పిల్లలు ఇప్పుడు నల్గొండ యూనివర్సిటీ వాళ్లు. సిటీ బస్సు దూరంలో ఉన్న కాలేజీతో వాళ్లకు లీగు సంబంధం తెగిపోయింది.

ఇది నష్టమేనా? నేను మొదట నష్టమనే అనుకున్నాను. పెద్ద యూనివర్సిటీ జట్టంటే పెద్ద వడపోత, గట్టి జట్టు. దాన్ని నాలుగు ముక్కలు చేస్తే నాలుగు బలహీనమైన జట్లు వస్తాయని లెక్క. కానీ ఆడేవాళ్ల వైపు నుంచి చూస్తే లెక్క వేరుగా తేలుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాకు పోటీ స్థాయిని బట్టి వేర్వేరు ఫారాలున్నాయి. దేశానికి ఆడినవాళ్లకు ఫారం-1, జాతీయ పోటీల్లో రాష్ట్రానికి ఆడితే ఫారం-2, ఇంటర్ యూనివర్సిటీ ఆడితే ఫారం-3, జాతీయ స్కూలు ఆటలకు ఫారం-4. కబడ్డీ జట్టులో 12 మందికే చోటు. ఉస్మానియా ఒక్కటే ఉన్నప్పుడు దేవరకొండ అమ్మాయి ఆ పన్నెండులోకి రావడానికి హైదరాబాద్ హాస్టళ్ల అమ్మాయిలతో, స్పోర్ట్స్ స్కూళ్ల నుంచి వచ్చినవాళ్లతో తలపడాలి. నల్గొండకు సొంత యూనివర్సిటీ వచ్చాక ఆ అమ్మాయికి ఫారం-3 చేతికందే దూరంలోకి వచ్చింది. ఒక పేదింట్లో ఆ కాగితం విలువ ఏమిటో ఏ పీడీ సార్‌ను అడిగినా చెబుతారు. కాబట్టి విభజన వల్ల మేలు జరిగింది. జరగాల్సిన ఇంకో పని జరగలేదు. విడిపోయిన యూనివర్సిటీల కాలేజీలు ఏడాదికి ఒకసారైనా కలిసి ఆడే ఏర్పాటు చేసి ఉంటే అవకాశమూ దక్కేది, పోటీ స్థాయీ నిలిచేది.

మన గీతల్లో ఇంకో రకం కూడా ఉంది. కాలేజీయే యూనివర్సిటీ అయిపోవడం. 2018లో తెలంగాణ ప్రైవేటు యూనివర్సిటీల చట్టం వచ్చింది, 2020లో మొదటి జాబితాకు అనుమతి దొరికింది. ఘట్‌కేసర్ వైపు ఉన్న అనురాగ్ సంస్థ అలా జేఎన్టీయూ గొడుగు నుంచి బయటికొచ్చి యూనివర్సిటీ అయింది. చాదర్‌ఘాట్ వంతెన అవతల, దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయిలు తరతరాలుగా చదువుకున్న కోఠి ఉమెన్స్ కాలేజీ 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో ఉంది. ఆ పేరు చూసి ఎవరికైనా గుండె నిండుతుంది. ఆటల వైపు నుంచి మాత్రం ఒక మాట చెప్పాలి. ఇలాంటి మార్పు జరిగినప్పుడు ఇంటర్ కాలేజ్ టోర్నమెంటు ఒక బలమైన సభ్యురాలిని పోగొట్టుకుంటుంది, కొత్త యూనివర్సిటీకి ఒకే ప్రాంగణం నుంచి జట్టు కట్టాల్సి వస్తుంది. అమెరికాలో కాలేజీ డబ్బు కోసం పొత్తు మార్చుకుంటుంది. ఇక్కడ హోదా మారితే పొత్తు దానంతటదే రాలిపోతుంది. మార్చుకోవాలని ఎవరూ అనుకోకపోవడమే ఇక్కడి ఇబ్బంది. అనుకోని మార్పుకు బాధ్యత తీసుకునేవాళ్లు ఉండరు.

కాలేజీ దాటి నగరం పేరుతో ఆడిన జట్ల దగ్గరికి వస్తే కథ ఇంకా కష్టంగా ఉంటుంది. ఈ ఇరవై ఏళ్లలో హైదరాబాద్ పేరు పెట్టుకుని పుట్టిన జట్లను ఒక చోట చేర్చి చూస్తే, లీగులు ఎందుకు కూలతాయో చెప్పడానికి బయటి ఉదాహరణలు అక్కర్లేదు.

2005లో ప్రీమియర్ హాకీ లీగ్ గచ్చిబౌలిలో మొదలైంది. మొదటి కప్పు హైదరాబాద్ సుల్తాన్స్‌దే. కింది శ్రేణి నుంచి పైకి ఎక్కడం, పై నుంచి దిగడం ఉన్న ఏర్పాటు అది. మన దేశంలో ఆ రోజుల్లో అది ధైర్యమైన ఆలోచన. 2008లో అవినీతి ఆరోపణలతో భారత హాకీ సమాఖ్యను ఒలింపిక్ సంఘం సస్పెండ్ చేసింది. దాంతో లీగు కూడా పోయింది. సుల్తాన్స్ ఓడిపోయి పోలేదు, వాళ్ల నెత్తిమీది పైకప్పు కూలి పోయారు. మళ్లీ 2024 డిసెంబరులో హాకీ ఇండియా లీగ్ కొత్తగా లేచినప్పుడు హైదరాబాద్ తూఫాన్స్ వచ్చింది, ఫైనల్ దాకా వెళ్లి బెంగాల్ చేతిలో 4-3తో ఓడింది. ఆ సీజన్‌లో మ్యాచులు రూర్కెలా, రాంచీల్లో జరిగాయి. జట్టు పేరులో ఊరుంది, ఊళ్లో మ్యాచ్ లేదు.

2007లో ఇండియన్ క్రికెట్ లీగ్ వచ్చింది. దానిలోని హైదరాబాద్ హీరోస్ ఎల్బీ స్టేడియంలో ఆడింది. ఇక్కడ చిన్న మాట. ఊరికి కొత్తవాళ్లు ఎల్బీ స్టేడియం ఎల్బీనగర్‌లో ఉంటుందనుకుంటారు. రెండూ లాల్ బహదూర్ పేరు మీదివే అయినా స్టేడియం ఉన్నది బషీర్‌బాగ్ దగ్గరి ఫతేమైదాన్‌లో. ఆ లీగుకు క్రికెట్ బోర్డు గుర్తింపు లేదు. అందులో ఆడినవాళ్లకు రంజీ తలుపులు మూసుకున్నాయి. అంబటి రాయుడు లాంటి ఆటగాడు ఎదిగే వయసులో రెండేళ్లు బయట ఉండి, 2009లో బోర్డు క్షమాభిక్ష ఇచ్చాకే తిరిగి వచ్చాడు. లీగు అప్పటికే ముగిసింది. కబడ్డీలోనూ ఇలాంటిదే జరిగింది. 2019లో పోటీ లీగు ఒకటి వచ్చి తెలుగు బుల్స్ అనే జట్టును దింపింది, ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. 2014లో ఎనిమిది జట్లతో మొదలై 2017లో పన్నెండుకు పెరిగిన ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ మాత్రం మొదటి నుంచీ ఉంది, కప్పు రాకపోయినా ఉంది. అభిమానికి కావలసింది అదే. వచ్చే ఏడు కూడా మనవాళ్లు ఉంటారన్న నమ్మకం.

ఐపీఎల్ జట్టు డెక్కన్ చార్జర్స్ కథను ఈ వైపు వాళ్లు మర్చిపోలేరు. 2005లో పెద్ద క్రికెట్ ఫతేమైదాన్ నుంచి ఉప్పల్‌కు వచ్చాక తూర్పు హైదరాబాద్‌కు అక్కడి స్టేడియం ఇంటి ముందరి వాకిలి అయింది. ఎల్బీనగర్ నుంచి నాగోలు మీదుగా ఆటోలో వెళ్లిపోవచ్చు. చార్జర్స్‌కు 2008లో ఆఖరి స్థానం, 2009లో దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు. ఛాంపియన్లుగా ఇంటికొచ్చిన ఏడాది, 2010లో, తెలంగాణ ఉద్యమ పరిస్థితుల వల్ల సొంత మ్యాచులు నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైకి వెళ్లిపోయాయి. ఉద్యమం తన దారిలో న్యాయమైనదే. కానీ కప్పు గెలిచిన జట్టును సొంత ఊరు మరుసటి ఏడు కళ్లారా చూడలేకపోయింది. తర్వాత యజమాని సంస్థ అప్పుల్లో మునిగింది. 2012 సెప్టెంబరులో బోర్డు ఫ్రాంచైజీని రద్దు చేసింది. ఏడాదికి 85.05 కోట్లకు సన్ టీవీ కొత్త జట్టు హక్కు కొని సన్‌రైజర్స్ పెట్టింది, 2016లో కప్పు తెచ్చింది. పాత యజమానికి 4,814 కోట్లు చెల్లించాలని 2020లో మధ్యవర్తి తీర్పు ఇస్తే, 2021లో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇక్కడ లీగు నిలిచింది, జట్టు పోయింది. హాకీలో లీగు పోయి జట్టును తీసుకుపోయింది. తేడా ఎక్కడుందంటే, ఐపీఎల్‌లో ఖాళీ అయిన కుర్చీకి కొనేవాడు వెంటనే దొరుకుతాడు.

ఫుట్‌బాల్‌లో ఆ కుర్చీనే ఎత్తుకుపోయారు. 2019లో పుణె సిటీ జట్టు మూతపడి, దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. ఆ తర్వాత జీతాల బకాయిలు, యాజమాన్యం మార్పు. 2025లో జట్టు ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. పుణె వాళ్ల బాధ మనకు వరమైంది, మన బాధ ఢిల్లీకి వరమైంది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన ఊరిది. ఆ జట్టును ఎవరూ ఎక్కడికీ తరలించలేకపోయేవాళ్లు. దానికి యజమాని లేడు, ఆ ఊరి పోలీసు శాఖ ఉంది.

ఈ జాబితాలో నాకు ఆశ కలిగించేది వాలీబాల్. 2019లో ప్రో వాలీబాల్ లీగ్ ఆరు జట్లతో జరిగింది, అందులో బ్లాక్ హాక్స్ మనది. సీజన్ అయిన వెంటనే సమాఖ్యకూ నిర్వాహక సంస్థకూ గొడవ వచ్చి లీగు ఆగింది. ఇక్కడిదాకా హాకీ కథే. కానీ 2022లో నిర్వాహకులూ జట్ల యజమానులూ కలిసి ప్రైమ్ వాలీబాల్ అనే కొత్త లీగు కట్టుకున్నారు. జట్ల యజమానులకు లీగులోనే వాటా ఇచ్చారు. కోచీలో జరగాల్సిన మొదటి సీజన్ కోవిడ్ వల్ల గచ్చిబౌలికి వచ్చింది. బ్లాక్ హాక్స్ పేరు బతికింది. సభ్యుడికి ఇంటిలో వాటా ఉంటే గోడకు బీట పడ్డప్పుడు పారిపోడు, సున్నం కలుపుతాడు. అమెరికాలోనూ పారిపోకుండా ఆపడానికి ప్రసార హక్కులను కాన్ఫరెన్సుకు రాసివ్వమంటున్నారు. అది తాళం వేయడం లాంటిది. వాటా ఇవ్వడం వేరే పని.

పాత గీత ఒకటి ఎంత గట్టిగా నిలబడగలదో చెప్పడానికి రంజీ ట్రోఫీని మించిన ఉదాహరణ లేదు. ఆంధ్ర జట్టు 1953-54లో రంజీలోకి వచ్చింది. 1956లో హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు ప్రాంతం ఆంధ్రతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. హైదరాబాద్ క్రికెట్ సంఘం కలవలేదు. 2014లో రాష్ట్రం విడిపోయింది. క్రికెట్‌లో విడదీయడానికి ఏమీ లేదు, 58 ఏళ్లుగా విడిగానే ఉన్నారు. ఫుట్‌బాల్ ఇందుకు ఎదురు. 1956-57, 1957-58ల్లో హైదరాబాద్ పేరుతో సంతోష్ ట్రోఫీ గెలిచినవాళ్లు తర్వాత ఆంధ్రప్రదేశ్‌గా ఆడి 1965-66లో గెలిచారు. క్రికెట్ గీత నిలవడం వెనుక తెలంగాణ జిల్లాల మొర కూడా ఉంది. సంఘం పేరు హైదరాబాద్, బాధ్యత రాష్ట్రమంతటిది. జిల్లాల కుర్రాడు నగరం క్లబ్బుల లీగులోకి రావాలంటే నగరానికే రావాలి. ఎల్బీనగర్, వనస్థలిపురం అద్దె గదుల్లో కిట్ బ్యాగులతో ఉండే కుర్రాళ్లు చాలామంది అలా వచ్చినవాళ్లే. ఆ క్లబ్బుల సంగతికొస్తే, సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ లావు నాగేశ్వరరావు 2023లో 57 క్లబ్బులను సంఘం ఎన్నికలకు దూరం పెట్టారు. ఒకే వ్యక్తి, ఒకే కుటుంబం చేతిలో పలు క్లబ్బులు ఉండడమే కారణం. పదిమంది సభ్యులున్నట్టు కనబడే లీగులో నిజానికి నలుగురే ఉంటే అది నిలకడ కాదు. మార్పును రానివ్వని పట్టు అది.

రంజీలోనే మారిన గీత కూడా ఉంది. దక్షిణ జోన్‌లో ఇరుగుపొరుగు రాష్ట్రాలు ఏటా ఆడుకునే పద్ధతి పోయి, 2002-03 నుంచి ఎలీట్, ప్లేట్ అని ఆటతీరును బట్టి శ్రేణులు వచ్చాయి. 1937-38లోనూ 1986-87లోనూ కప్పు గెలిచిన హైదరాబాద్ 2022-23లో దిగజారి ప్లేట్‌లో పడింది. మరుసటి సీజన్‌లో తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టి 366 చేశాడు. అది అద్భుతమైన బ్యాటింగ్. రెండు జట్ల మధ్య దూరం ఎంతో కూడా ఆ స్కోరే చెబుతుంది. హైదరాబాద్ ఆ ఏడే ప్లేట్ గెలిచి పైకెక్కింది. నాకు ఈ పద్ధతి మీద గౌరవం ఉంది. కిందపడ్డవాడికి ఎక్కే మెట్టు రాసిపెట్టి ఉంది. ఓరెగాన్ స్టేట్‌కు అలాంటి మెట్టు లేదు. బాగా ఆడినా ఒంటరిగానే మిగిలింది.

2021 ఏప్రిల్‌లో యూరప్‌లో పన్నెండు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు ఇలాంటి మెట్లనే తీసేసి తమలో తామే ఆడుకునే సూపర్ లీగ్ ప్రకటించాయి. అభిమానులు వీధిలోకి వచ్చారు. రెండు రోజుల్లో ఇంగ్లండ్ క్లబ్బులు ఆరూ తప్పుకున్నాయి. మన కాలేజీ ఆటల గీతలు మారినప్పుడు వీధిలోకి వచ్చేంతమంది చూసేవాళ్లు లేరు. చూసేవాళ్లు ఉండాలంటే ముందు ఆడే చోటుండాలి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల్లో చాలా జూనియర్ కాలేజీలు నాలుగో అంతస్తులోనో ఐదో అంతస్తులోనో నడుస్తాయి. పదో తరగతి దాకా ఆడిన పిల్ల ఇంటర్ రెండేళ్లూ కోర్టు చూడదు, డిగ్రీకి వచ్చాక మళ్లీ మొదలుపెట్టాలి. వీఎం హోమ్ మైదానం, సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం ఈ వైపుకు మిగిలిన ఊపిరి. సరూర్‌నగర్ స్టేడియం అనగానే చాలామందికి బహిరంగ సభలే గుర్తొస్తాయి, 2023 మేలో ప్రియాంకా గాంధీ వచ్చిన సభ అక్కడే జరిగింది. సభలు జరగాలి. జరిగిన మర్నాడు గుంతలు పూడ్చి గీతలు మళ్లీ గీయాలి.

నేను అడిగేది పెద్దది కాదు. కొత్త యూనివర్సిటీకో కొత్త జిల్లాకో ఉత్తర్వు రాసేటప్పుడు అందులో ఆటల పేరా ఒకటి ఉండాలి. ఈ ఏడు ఆడుతున్నవాళ్లు ఏ జట్టుకు ఆడతారు, సర్టిఫికెట్ మీద ఎవరు సంతకం చేస్తారు అని రాయాలి. ఉస్మానియా, జేఎన్టీయూ, నల్గొండ, పాలమూరు, ఐలమ్మ యూనివర్సిటీలు సౌత్ జోన్‌కు ముందు వారం రోజులు తమలో తాము ఆడుకోవాలి, ఏటా అదే వారంలో. సరూర్‌నగర్ స్టేడియంలో ఆ వారం సభలకు ఇవ్వకూడదు. ఆ తేదీలు జూలైలోనే కాలేజీ నోటీసు బోర్డు మీద పడితే, కొత్తపేట హాస్టల్లో ఉండే కబడ్డీ అమ్మాయి పొద్దున ఐదున్నరకు అలారం పెట్టుకోవడానికి ఒక తేదీ ఉంటుంది.